రేషం కరిచిన వానకాలం

మా ఇంటి కుక్క నన్ను కరిచి మూడేండ్లు దాటింది. ఎడమచెయ్యి బొటనవేలు కింద మచ్చ ఉన్నది కని నొప్పి లేదు. ఇప్పుడు ఆ రోజుల సంగతి చెప్తుంటె ఇంకెవరో ఆడమనిషికి అయినట్టు చెప్తున్నవు అని మా ఆయన అంటడు. అట్ల చెప్పవస్తున్నది కాబట్టే రాస్తున్న. అప్పుడైతే ఒక్క అక్షరం రాయకపోదును. ఇగ రెండో సంగతి, హైద్రాబాదు శాలిబండల ఎవరికి కుక్క కరిచినా ముందు మా ఇంటికే వస్తరు. అందరికి ఒక్క తీరుగ చెప్పాలంటె ఒకసారి సక్కగ గుర్తు చేసుకొని పెట్టుకునుడు మంచిది.

మాది కోమట్ల ఇల్లు. ముందట కిరాణా దుకాణం, ఎనుక ఇల్లు, నడుమ గచ్చు వాకిలి, ఆఖరికి కట్టెలు, ఖాళీ గోనెసంచులు పెట్టుకునే రేకుల కొట్టం. మిద్దె మీద ఒక అర్ర. ఇంట్ల అత్త, మామ, మా ఆయన, నేను, అప్పటికి ఎనిమిది నెలల మా బిడ్డ తులసి. గంతే.

జర్మనోళ్ల లడాయి రెండో ఏడు, ఎండకాలం

రేషం మా ఇంటికి ఒక దేవిడి నుంచి, అంటె నవాబుల పెద్ద బంగ్ల నుంచి, వచ్చింది. ఆ దేవిడికి ఎన్నో ఏండ్ల సంది మా దుకాణం నుంచే సామాను పోతుండె. అక్కడి పెద్ద బేగం సాబ్ ఇల్లు ఖాళీ చేసి బొంబాయిల బిడ్డ దగ్గరికి పోతూ, కుక్కను రైల్ల తీసుకపోలేక, మా మామకు ఇచ్చింది. దేవిడికి పోయినప్పుడల్లా అది మామ కాళ్ల దగ్గర కూసునేదంట.

అది స్పానియల్ అనే విలాయతి చిన్న జాతి. తెల్లటి ఒళ్లు, ఎర్రమట్టి రంగు మచ్చలు, మెడ దాక ఏలాడే చెవులు, అప్పుడే ఏడ్చి ఊకున్నట్టుండే పెద్ద కండ్లు. ఎత్తుకుంటె మా తులసి అంత బరువుండె. గల్లీల ఎవరికి ఆ జాతి పేరు నోరు తిరగక పానియల్ అన్నరు. తర్వాత అది పానీవాలీ అయ్యింది. ఎంట్రుకలు పట్టు తీర్గ ఉంటయని బేగం సాబ్ రేషం అని పిలిచేది, మేము గదే పేరు ఉంచినం.

దాన్ని తెచ్చి దించిన దాసీ పోయే ముందు మామకు మూడు మాటలు చెప్పింది. రోజు ఖీమా ఉడకబెట్టి పెట్టుమన్నది. చెవులు తడి లేకుండ తుడువుమన్నది. దువ్వుమన్నది. మామ మొదటి మాట విని, "మా ఇంట్ల ఆ పేరు ఎత్తకు తల్లీ" అని నవ్విండు. రెండో మాట ఆయనకు ఇనపడ్డదో లేదో తెల్వది. మూడోది నా మీద పడ్డది.

తిండి మాత్రం మామ తన చేతిల పెట్టుకున్నడు. పొద్దున పాల మీది మీగడ. పగటీలి నెయ్యేసిన పప్పన్నం. దీపాలు పెట్టేయాళ్లకు పేడానో జిలేబినో ఏదో ఒకటి. అన్నం పెట్టేది మా పెద్ద వెడల్పు పళ్లెంల. రేషం మూతి పెట్టంగనె దాని రెండు చెవులు పాలల్ల, పప్పుల మునిగేటియి. తిన్నంక తల ఇదిలిస్తే గోడల మీద పడేది. అత్త గోడలు కడుగుకుంట, "ఇంటికి రెండో కోడలు వచ్చినట్టున్నది" అనేది. మామకు ఆ మాటలు పట్టకపోయేటియి. రోజంతా గల్లపెట్టె కాడ గల్ల మీద కూసొని ఎవరితోనో బేరమాడే మనిషి, అది తింటుంటె మాత్రం ఊకె చూస్తుండె.

రెండు నెలలల్ల అది బొద్దుగ అయ్యింది. వాకిలి దాటి కొట్టం దాక పోతేనే రొప్పేది. మాకు అది బీమారి అని తట్టలేదు. బాగ తింటున్నది, మంచిగున్నది అనుకున్నం.

ఆషాఢం

ముసురు పట్టింది. గచ్చు ఆరకపోయేది, బట్టలు ఆరకపోయేటియి. రేషం తల ఒక దిక్కు వంచుకొని నడుసుడు మొదలుపెట్టింది. కాలితోని చెవి గోక్కునేది, గోడకు రుద్దుకునేది. దువ్వుతుంటె కుడి చెవి నుంచి పులిసిన పెరుగు కంటె అధ్వాన్నమైన వాసన వచ్చింది. మామకు చెప్పిన. "వానకు అట్లనె ఉంటదమ్మా, ఎండ వొస్తే పోతది" అన్నడు.

తర్వాత తినుడు తగ్గింది. పేడా మూతి దగ్గర పెడితే వాసన చూసి మొకం తిప్పుకున్నది. నీళ్ల గిన్నె ముందట కూసొని చూసేది కని తాగకపోయేది. నోటి నుంచి చొల్లు కారి ముందటి కాళ్లు తడిసేటియి.

ఒకనాడు పగటీలి, తులసి పండుకున్నంక, నేను కొబ్బరినూనె గోరువెచ్చగ చేసి, పుల్లకు దూది చుట్టి, రేషాన్ని ఒళ్లె పెట్టుకున్న. చెవి ఎత్తి పుల్ల పెట్టిన్నో లేదో అది ఒక్క అరుపు అరిచి నా చెయ్యి పట్టుకున్నది. ఇడిపించుకునేదాక ఇడువలె. తర్వాత పోయి గోనెసంచుల ఎనుక దాక్కున్నది. నేను చెయ్యి చూసుకోలేదు. దాని నోరు చూసిన. ఆ చొల్లు నా రక్తంతోని కలిసి ఎర్రగ కారుతుండె. తినది, తాగది, చొల్లు కారుస్తది, కరిచింది. ఇవన్ని వరుసగ నా తలకాయల కూసున్నయి. అక్కడనె గచ్చు మీద కూసున్న.

అత్త వచ్చి కాటు మీద కారంపొడి, సున్నం అద్దింది. గప్పటికి అందరికి తెలిసిన వైద్యం అదే. అద్దుకుంటనె, "పిల్లకు పాలిచ్చినవా పొద్దున?" అని అడిగింది.

"ఇచ్చిన."

"ఇగ ఇయ్యకు" అని లోపలికి పోయి పండుకున్న పిల్లను ఎత్తుకొని మిద్దె మీదికి పోయింది.

దుకాణం నుంచి మా ఆయన ఉరికొచ్చిండు. గల్లీల నలుగురు జమైండ్రు. ముందు కుక్కను కొట్టి చంపాలె అని ఒకరు, చంపి పాతిపెట్టాలె అని ఇంకొకరు. మా ఆయన తలుపుకు అడ్డం పెట్టే ఇనుప చువ్వ చేతిల పట్టుకున్నడు కని కొట్టం దిక్కు అడుగు పడుత లేదు. మామ గోడకు ఆనుకొని నిలబడ్డడు.

అప్పుడు దుకాణానికి బియ్యం కొననీకి వచ్చిన అవద్ చావుష్ లొల్లి ఇని లోపలికి వచ్చిండు. బార్కస్ బస్తీల ఉండే అరబ్బు మనిషి, మా ఎనుక గల్లీల ఒక దేవిడి ముందు పహరా ఉంటడు. మామ ఈడు ఉంటడు. సంగతి ఇని, "చువ్వ కింద పెట్టు బేటా. కుక్క ఎటు పోదు. ముందు అమ్మాయిని దవాఖానకు తీస్కపో, డాక్టరును అడుగు. అంతదనుక నేను కట్టేస్త" అన్నడు. చేతికి గోనెసంచి చుట్టుకొని కొట్టంల జొరబడ్డడు. రేషం ఏమి అనలేదంట. గుంజకు కట్టి తలుపు దగ్గరికేసి వచ్చిండు.

నయాపూల్ దాటి నది అవతలి పెద్ద దవాఖానకు టాంగల పోయినం. వాన పడుతుండె. డాక్టరు వయసు మీద పడ్డ మనిషి, సగం ఉర్దూల సగం తెలుగుల మాట్లాడుతడు. కారం, సున్నం పోయేదాక సబ్బు నీళ్లతోని చానసేపు కడిగించిండు. తర్వాత మంట మందు పెట్టి కాల్చిండు. ఆ నొప్పి రాయను.

"కుక్క ఏది?" అన్నడు.

"కట్టేసినం" అన్నడు మా ఆయన.

"చంపలేదు గదా?"

"లేదు సాబ్."

"అచ్ఛా. ఇనుండ్రి. కుక్కకు ఈ పిచ్చి నిజంగ ఉంటె అది పది రోజులల్ల చస్తది. పది రోజులు బతికితే అమ్మాయికి ఫికర్ లేదు. సూదులు మాత్రం ఈ రోజు నుంచే మొదలు. కుక్క బతికితే నడుమల ఆపుత. చస్తే ఆఖరి దాక పొడవాలె. కాబట్టి దాన్ని బతికించుకోండ్రి."

"అది ఏమి తింట లేదు సాబ్."

"తినిపించుండ్రి. ఆకలికి చచ్చినా నాకు తెల్వది ఎందుకు చచ్చిందో."

నేను తల వంచుకొని, పిల్లకు పాలు ఇయ్యొచ్చునా అని అడిగిన. "ఎందుకు ఇయ్యొద్దు, ఇయ్యి" అన్నడు. మా ఆయన పక్కనె ఉన్నడు, ఇన్నడు.

శ్రావణం, మొదటి రోజులు

ఇంటికి వచ్చి మా ఆయన ఆ మాట అత్తకు చెప్పిండు. "ఇయ్యొచ్చన్నడమ్మా."

"డాక్టరు బిడ్డ కాదు గదా" అన్నది అత్త.

ఆయన దుకాణంలకు పోయిండు. నాకు దుకాణం పక్క చిన్న అర్రల చాప ఏసిండ్రు. పళ్లెం వేరె, చెంబు వేరె. తులసి మిద్దె మీద అత్త దగ్గర. మేకపాలల్ల నీళ్లు కలిపి తాపించేది. పిల్ల ఏడుపు నాకు ఇనపడేది. ఏడుపు ఇనంగనె పాలు వచ్చి రవిక తడిసేది. రొమ్ములు రాళ్ల తీర్గ గట్టిపడేటియి. స్నానాల దొడ్లె గోడ దిక్కు తిరిగి పిండి పారబోసుకునేదాన్ని. జరం ఒచ్చింది. ఆ జరం పాలదా, కుక్కదా అని మల్ల భయం.

అత్తను చెడ్డ మనిషి అని నేను రాస్త లేను. ఆమెకు ముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయిండ్రు, మా ఆయన మూడో కాన్పు. ఆమె ముందట ఉన్నది ఒక పసిపిల్ల, ఒక పిచ్చికుక్క కరిచిన తల్లి. ఇది ఇప్పుడు తెలుస్తున్నది. అప్పుడు తెలిసినా లాభం లేకుండె.

రోజు పొద్దున టాంగ. కడుపు మీద సూది. బొడ్డుకు ఇటు ఒకనాడు, అటు ఒకనాడు. సూది పొడిచిన కాడ కోడిగుడ్డంత గడ్డ కట్టేది. సూది కంటె ఎదురుచూసుడే ఎక్కువసేపు. ఆడోళ్లకు ఒక వరండా, దానికి గోనెగుడ్డ పరదా. బల్లల మీద అన్ని రకాల ఆడోళ్లం. బుర్ఖాలోళ్లు, గాజులు అమ్మేటోళ్లు, ఒక దేవిడి నుంచి వచ్చే చిన్న బేగం, ఆమె దాసీ. ఒకరికొకరం పేర్లు అడుగుకోకపోయేటోళ్లం. "మీ కుక్క ఉన్నదా?" అని అడుగుకునేటోళ్లం. ఇంట్లోళ్ల మంచిచెడ్డ అడిగినట్టే.

"ఉన్నది. మీది?"

"మాది ఊరకుక్క. కరిచి ఎటో పోయింది. ఇప్పుడు ఏం తెలుస్తది?"

చేతికి కట్టు కట్టుకున్న ఒక ముసలమ్మను కరిచిన కుక్కను ఆమె కొడుకే కొట్టి చంపిండంట. మా మాటలు ఇని, "బతికుంటె బాగుండు" అన్నది. అక్కడ కూసున్న వాళ్లల్ల కుక్క బతికున్నది నాది ఒక్కదానిదే. నన్ను అదృష్టవంతురాలి లెక్క చూసేటోళ్లు. చిన్న బేగం ఒకనాడు తన డబ్బా తీసి నా చేతిల పాన్ పెట్టింది. వేరె పళ్లెంల తింటున్నదాన్ని, నా చేతిని ఆమె చెయ్యి ముట్టినందుకు ఏడుపొచ్చినంత పని అయ్యింది. పాన్ నోట్లె పెట్టుకున్న. ఆమె మల్ల ముసుగు దించుకొని కూసున్నది.

మా ఆయన పశువుల డాక్టరును ఇంటికి పిలుచుకొచ్చిండు. ఆయన కొట్టం తలుపు సందుల నుంచి చూసి, మామను అడిగిండు, "ఏం పెడుతుండ్రి దీనికి?"

మామ ఒక్కొక్కటి చెప్పిండు. మీగడ, నెయ్యేసిన పప్పన్నం, పేడా, జిలేబి.

"సేఠ్ సాబ్, ఇది కుక్క. మీ అల్లుడు కాదు" అన్నడు డాక్టరు. నవ్వకుంట అన్నడు. "ఈ జాతి కుక్కకు చెవి పెద్దది, లోపల గాలి ఆడది. పాలు, పప్పు తగిలి కుళ్లింది. చీము పట్టినట్టున్నది. ఆ నొప్పికి దవడ తెరవలేక తింట లేదేమో. లేకుంటె మీరు భయపడుతున్నదే కావొచ్చు. ఇయ్యాల చెప్పలేను. చెయ్యి పెట్టి చూడను, మీరు గూడ పెట్టకుండ్రి. మాంసం ఉడకబెట్టిన నీళ్లు, యఖ్నీ అంటరు, గోరువెచ్చగ, మూతి సన్నగ లోతున్న గిన్నెల పోసి కర్రతోని దగ్గరికి నూకుండ్రి. మూతి పట్టాలె, చెవులు బయట పడాలె. తీపి ఇగ ఎన్నటికి వద్దు."

డాక్టరు పోయినంక అత్త మిద్దె మెట్ల మీద నిలబడి అన్నది, "ఈ ఇంట్ల మాంసం ఉడికితే నేను పిల్లను తీస్కొని మా తమ్ముని ఇంటికి పోత."

మా ఆయన మామ దిక్కు చూసిండు. మామ చెప్పులేసుకొని బయటికి పోయిండు. ఎనుక గల్లీల దేవిడి ముందట చావుష్ పక్కన మెట్టు మీద కూసొని, సంగతి చెప్పిండంట. మాంసం దుకాణం ఉన్న గల్లీలకెళ్లి పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయే మనిషి ఆయన. ఏం చెప్పిండో, ఎట్ల అడిగిండో మాకు తెల్వది. తెల్లారి పొద్దున చావుష్ పహరాకు వచ్చుకుంట, గుడ్డ కట్టిన ఇత్తడి గిన్నె పట్టుకొచ్చిండు. బార్కస్ నుంచి, ఆయన పెండ్లాం వండి పంపింది. "ఉప్పు ఎయ్యలె. మిరియాలు గూడ ఎయ్యలె. కుక్కకు అని చెప్పిన" అన్నడు.

మామ ఆ గిన్నె తీసుకొని కొట్టంలకు పోయిండు. పొద్దున పూజ చేసుకొని గంధం బొట్టు పెట్టుకున్న మనిషి, యఖ్నీ గిన్నెల పోసి, కర్రతోని నూకిండు. రేషం మూతి దించి వాసన చూసింది. నాలుక పెట్టబోయి కుయ్యిమన్నది. తాగలేదు. మామ ఆ తలుపు కాడనె పీట ఏసుకున్నడు. ఆ రోజు నుంచి గల్ల మీద కూసునుడు మానిండు.

శ్రావణం, నడుమ

రోజు చావుష్ గిన్నె తెచ్చుడు, మామ పోసుడు, అది వాసన చూసి ఇడిసిపెట్టుడు. ఎముకలు బయటపడ్డయి. మామ గుడ్డ యఖ్నీల ముంచి, కర్ర చివరకు కట్టి, మూతికి అందిస్తే ఒకటి రెండు చుక్కలు లోపలికి పోయేటియి. అట్ల గంటలకు గంటలు చేసేటోడు. నేను నా అర్ర గుమ్మంల నుంచి చూసేదాన్ని. ఆయన నా దిక్కు తిరగకపోయేటోడు. ఒకనాడు మాత్రం, కర్ర కింద పెట్టి, "నేను పెట్టిన పేడాలే బిడ్డా" అన్నడు. "తింటది మామయ్యా" అన్న.

ఇంట్ల అందరు రెండు గిన్నెల దిక్కే చూసేటోళ్లు. ఒకటి రేషంది, ఒకటి నాది. పిచ్చి పుట్టినోళ్లు నీళ్లు చూస్తే భయపడ్తరని అందరికి తెలుసు. నేను చెంబెత్తి నీళ్లు తాగుతుంటె మా ఆయన చేసే పని ఆపి చూసేటోడు. గిన్నెలు తోమనీకి వచ్చే పనిమనిషి చూసేది. నేను గూడ చూసుకునేదాన్ని, గుటక దిగిందా లేదా అని. ఒకసారి పొలమారింది. మా ఆయన మొకం తెల్లగ అయ్యింది. దగ్గి, మల్ల తాగి చూపించిన.

టాంగల ఒకనాడు అడిగిన, "రేషం చస్తే?"

"చావది."

"చస్తే అని అడుగుతున్న. పిల్లను నాకిస్తరా?"

ఆయన బజారు దిక్కు తిరిగిండు. "అమ్మతోని కొట్లాడనీకి నాకు చాతకాదు కౌసల్యా" అన్నడు. తర్వాత టాంగవాలాకు, మెల్లగ పోనియ్యి, గుంతలల్ల ఎత్తేస్తున్నది, కడుపు నొస్తదామెకు, అని చెప్పిండు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు అనుకుంటె, అబద్ధం చెప్పలేదు గదా అనిపిస్తది. చాతనైన దాకనె చేసిండు.

మిద్దె మీద నుంచి ఏడుపు తగ్గింది. మొదట్ల అది సంతోషం అనుకున్న. తర్వాత తెలిసింది, పిల్ల మేకపాలకు అలవాటు పడ్డది. నాకు రవిక తడుసుడు గూడ తగ్గింది.

పౌర్ణమికి ముందు ఒక పొద్దున, వాన తెరిపి ఇచ్చింది. నేను దవాఖానకు పోనీకి చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్న. అత్త మిద్దె మెట్లు దిగి వచ్చింది. మిద్దె కిటికీలకెళ్లి కొట్టం లోపల కనపడుతది. నా అర్ర గుమ్మం కాడికి వచ్చి, లోపలికి రాకుంట, "తాగింది" అన్నది.

నాకు అర్థం కాలె.

"నీళ్లు తాగింది. గిన్నె నాకుతున్నది" అని చెప్పి స్నానానికి పోయింది.

కొట్టం దగ్గరికి ఉరికిన. మామ అప్పటికే పీట మీద నుంచి లేచి నిలబడ్డడు. చెవి లోపల చీము గడ్డ తనంతట తాను పగిలినట్టున్నది. గుంజకంత పూసుకున్నది, వాసన భరించరాదు. ఆ వాసనలనె రేషం యఖ్నీ గిన్నెల మూతి పెట్టి తాగుతున్నది. సన్నమూతి గిన్నె, చెవులు రెండు బయటనె ఏలాడుతున్నయి. మామ గోడ దిక్కు తిరిగి కండువతోని మొకం తుడుసుకున్నడు. చావుష్ గిన్నె ఇచ్చి పోయేటోడు, ఆ రోజు మాత్రం అది తాగుడు అయ్యేదాక నిలబడ్డడు. "అల్హందులిల్లా" అని, "సేఠ్ సాబ్, రేపు కొంచెం గట్టిగ వండమంట" అన్నడు.

ఆ రోజు దవాఖానల చిన్న బేగం, "మీ కుక్క ఉన్నదా?" అంటె, "తింటున్నది" అన్న. బల్ల మీద ఉన్న అందరు ఇటు తిరిగిండ్రు. కొడుకు కుక్కను చంపిన ముసలమ్మ నా మోకాలు మీద చెయ్యేసింది.

అత్త మాత్రం డాక్టరు పెట్టిన గడువు నిండే దాక పిల్లను దించలేదు. తిన్నా తాగినా గడువు గడువే అన్నది.

శ్రావణం, పౌర్ణమి దగ్గర

గడువు నిండినాడు డాక్టరు, "కుక్క?" అన్నడు. "సంచులు చింపుతున్నది సాబ్" అన్నడు మా ఆయన. డాక్టరు సూది పక్కన పెట్టిండు. "పో బిడ్డా. ఇగ రాకు" అన్నడు.

ఇంటికి వచ్చేవరకు అత్త తులసిని ఎత్తుకొని వాకిట్ల నిలబడి ఉన్నది. పిల్లకు తానం పోసి, కాటుక పెట్టి, కొత్త అంగి తొడిగింది. తెచ్చి నా చేతులల్ల పెట్టింది. నేను చాప మీద కూసొని రొమ్ము ఇచ్చిన. పిల్ల మూతి పెట్టింది, రెండు సార్లు చప్పరించింది, మొకం తిప్పుకొని అత్త దిక్కు చేతులు చాపింది. పాలు లేవు. రెండు దిక్కుల పెట్టి చూసిన. లేవు.

"నాలుగు రోజులు పెడితే పడుతయిలే" అన్నది అత్త.

నాలుగు రోజులు, నెల రోజులు పెట్టిన. మెంతులు తిన్న, ఎల్లిపాయ తిన్న. పడలేదు. తులసి మేకపాలతోనె పెరిగింది. గట్టిగనె పెరిగింది, బీమారి ఏమి లేదు. కని ఆకలైతే చాన రోజులు అత్త దగ్గరికే పోయేది.

ఆ తర్వాత

ఈ జాతి కుక్క మీ ఇంటికి వస్తే నేను చెప్పేది ఇది. ముద్దుగుంటది, ఏది పెట్టినా తింటది, కండ్లతోని అడుగుతది. పెట్టకుండ్రి. తీపి, నెయ్యి, మీగడ దానికి విషమే. పొద్దునొకసారి, పొద్దుగూకంగ ఒకసారి ఉడికిన మాంసం, కొంచెం అన్నం, యఖ్నీ. సన్నటి ఎముక వద్దు, గొంతుల దిగుతది. తినేటప్పుడు చెవులు గిన్నెల పడొద్దు. మేము ఒక పాత రుమాలు తల మీద నుంచి గదవ కింద ముడేస్తం. తడిస్తే చెవులు లోపల గూడ పొడిగ తుడవాలె. వారానికి ఒకసారి చెవి ఎత్తి వాసన చూడాలె. వాసన వస్తే డాక్టరుకు చూపియ్యాలె, నా తీర్గ పుల్ల పెట్టొద్దు. నొప్పిల ఉన్న కుక్కకు నువ్వు ఎవరో తెల్వది.

ఇగ మనిషిని కరిస్తే, సబ్బుతోని కడుగుండ్రి, దవాఖానకు పోండ్రి, కుక్కను చంపకుండ్రి.

రేషానికి తిండి రోజు బార్కస్ నుంచి ఎన్నాళ్లు వస్తది? దసరా దాటినంక మామ కొట్టంల మట్టిపొయ్యి పెట్టుకున్నడు, వేరె కుండ పెట్టుకున్నడు. చావుష్ మాంసం తెచ్చి ఇస్తే ముక్కుకు కండువ కట్టుకొని తనే ఉడకబెడుతడు. తర్వాత బాయి కాడ తానం చేసి లోపలికి వస్తడు. ఆ వాసన ఇంటి నిండ ఉంటది. అత్త తమ్ముని ఇంటికి పోలేదు. ఆ టైంకు దేవుని అర్రల తలుపేసుకొని కూసుంటది. ఇద్దరు ఆ సంగతి ఒక్కనాడు మాట్లాడుకోలేదు.

అత్త నాతోని గూడ మాట్లాడలేదు, ఆ పది రోజుల గురించి. నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు. ఇంట్ల పనులు చేసుకున్నం.

పోయిన ఎండకాలం మా గల్లీల బట్టలు కుట్టే నర్సింహులు పెండ్లాం యాదమ్మను ఊరకుక్క కరిచింది. పిక్క పట్టి పీకి ఎటో ఉరికిపోయింది, దొరకలేదు. యాదమ్మకు మూడు నెలల పిల్లగాడు. నన్ను తోడు రమ్మన్నరు. నేను చెప్పులేసుకుంటుంటె అత్త లోపలి నుంచి కొంగు సర్దుకుంట వచ్చింది. "నేను గూడ వస్త" అన్నది.

గదే వరండా, గదే గోనె పరదా. యాదమ్మ, నేను ఒక బల్ల మీద కూసున్నం. యాదమ్మ అత్త పిల్లగాన్ని ఎత్తుకొని దూరంగ, పరదా ఆఖరుకు పోయి కూసున్నది. పిల్లగాడు ఆకలికి ఏడుస్తున్నడు. ముసలామె ఊపుతున్నది, బట్ట ముడి చక్కర నీళ్లల్ల ముంచి నోట్లె పెడుతున్నది. వాడు ఉమ్మేస్తున్నడు. యాదమ్మ రవిక తడిసి కొంగుతోని కప్పుకుంటున్నది. మొకం ఎత్తుత లేదు.

నేను లేవాలనుకున్న. నాకంటె ముందు అత్త లేచింది. పట్టీలు కట్టే నర్సమ్మ దగ్గరికి పోయి, "తల్లీ, కుక్క కరిచిన తల్లి పాలియ్యొచ్చునా?" అని అడిగింది.

"ఇయ్యొచ్చు పెద్దమ్మా" అన్నది నర్సమ్మ.

అత్త పరదా ఆఖరుకు పోయి ముసలామె ముందట నిలబడి చేతులు చాపింది.

ముసలామె పిల్లగాన్ని దగ్గరికి ఒత్తుకున్నది. "నర్సమ్మకేం ఎరుక. నా కొడుక్కు ఒక్కడే కొడుకు" అన్నది.

"నేను గట్లనె అనుకున్న" అన్నది అత్త. "పది రోజులు ఇయ్యనియ్యలె. పాలు ఎండిపోయినయి. మల్ల రాలేదు."

చాపిన చేతులు దించలేదు. ముసలామె అత్త మొకం చూసింది, ఇటు తిరిగి నన్ను చూసింది. చేతులు కొంచెం వదులు చేసింది. అత్త పిల్లగాన్ని తీసుకొచ్చి యాదమ్మ ఒళ్లె పెట్టింది. యాదమ్మ కొంగు కప్పుకొని గోడ దిక్కు తిరిగింది. ఏడుపు ఆగింది.

అత్త వచ్చి నా పక్కన కూసున్నది. మా వంతు రానీకి ఇంకా చానసేపు ఉండె.